టీబీ మందులు అయిపోయాక ఏమైంది? రిజిస్టర్‌లో ఆఖరి గడి చెప్పే కథ

వీడియో చూసేంత డేటా లేనివాళ్ళు, బస్సులో సౌండ్ పెట్టలేనివాళ్ళు చదువుకోడానికి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా కింద పెట్టాం. మాట్లాడిన భాషే కాబట్టి అక్కడక్కడా మన యాస దొర్లుతుంది, ఏటీ అనుకోకండి.

ముందు ఒక చిన్న విషయం. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, "మీ పార్సెల్ డెలివర్ అయింది" అని. గుమ్మంలోకి వెళ్ళి చూస్తే ఏమీ ఉండదు. ఇది మీలో చాలామందికి జరిగే ఉంటుంది. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో రెండేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీదే. ఎవరో ఒక బటన్ నొక్కుతారు, మా డ్యాష్‌బోర్డ్ పచ్చగా అయిపోతుంది. సామాను నిజంగా చేరిందా లేదా అన్నది వేరే సంగతి.

ఇవాళ మాట్లాడేది పార్సెల్ గురించి కాదు, టీబీ గురించి. టీబీ రోగి రికార్డులో కూడా చివర్లో ఇలాంటి గడి ఒకటుంటుంది. ఇంగ్లీషులో "ట్రీట్‌మెంట్ అవుట్‌కమ్" అంటారు. అంటే వైద్యం మొదలుపెట్టిన మనిషి చివరికి ఏమయ్యాడు అన్న ప్రశ్నకి జవాబు. ఎంతమందికి టీబీ కనిపెట్టాం అన్నది పేపర్లో వస్తుంది. వాళ్ళు ఏమయ్యారు అన్నది ఆ గడిలోనే ఉంటుంది.

ఎర్ర పెట్టె, నీలం పెట్టె

నేను బీటెక్‌లో చేరిన 2014 సంగతి. మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి వైపు. మా చిన్నాన్న హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసేవాడు. దగ్గు తగ్గక ఊరొస్తే కళ్ళె పరీక్షలో టీబీ అని తేలింది. అప్పట్లో మందులు రోజూ కాదు, వారానికి మూడు రోజులు. కొత్త రోగికి ఆరు నెలల మందులూ ఒకే ఎర్ర పెట్టెలో పెట్టి, పైన పేరు రాసి ఉంచేవారు. ఆ పెట్టె ఆ మనిషిదే, ఇంకొకరికి ఇవ్వరు.

రెండు నెలలయ్యేసరికి దగ్గు పోయింది, ఒళ్ళొచ్చింది. "నాకేటయిందిరా, రాయిలాగున్నాను. ఇంకా మందులెందుకు?" అని చిన్నాన్న రైలెక్కేశాడు. ఆశా అక్క రెండుసార్లు ఇంటికొచ్చింది. మా పిన్ని "ఊరెళ్ళాడమ్మా, ఎప్పుడొస్తాడో తెలీదు" అని చెప్పి పంపించేసింది. ఫోన్ నంబరు ఇవ్వలేదు. ఎందుకంటే అప్పుడు వాళ్ళ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. ఇంట్లో టీబీ ఉందని తెలిస్తే ఎవరొస్తారని భయం. ఆమెనీ తప్పు పట్టలేం.

సంక్రాంతికి చిన్నాన్న మళ్ళీ దగ్గుతూ దిగాడు. నేనే బండి మీద తీసుకెళ్ళాను. అక్కడ పాత ట్రీట్‌మెంట్ కార్డు తీశారు. ఆఖరి గడిలో "డిఫాల్టెడ్" అని రాసుంది. బ్యాంకు లోను ఎగ్గొట్టినవాడిని అంటాం చూడండి, అదే మాట. మా చిన్నాన్నకి ఇంగ్లీషు రాదు. "ఏటి రాసినారురా?" అని అడిగాడు. నేను చెప్పలేదు.

ఈసారి నీలం పెట్టె. మధ్యలో మానేసి మళ్ళీ వచ్చినవాళ్ళకి అప్పట్లో ఇచ్చే కోర్సు అది. ఆరు నెలలు కాస్తా ఎనిమిది నెలలయ్యాయి. మొదటి రెండు నెలలు వారానికి మూడు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు. ఆ మందు చెవి మీద పడే ప్రమాదం ఉంది. చిన్నాన్న ఎడమ చెవికి ఇప్పటికీ సరిగ్గా వినపడదు.

మధ్యలో మానేసి ఆయన హైదరాబాద్‌లో ఉన్న నెలల్లో రూములో ఎంతమందితో కలిసి పడుకున్నాడో, ఎవరికి అంటుకుందో ఏ కాగితంలోనూ లేదు. ఆఖరి గడిలో తప్పు మాట పడితే, లేదా సరైన మాట పడినా ఎవరూ కదలకపోతే, జరిగేది ఇదే.

ఆ గడిలో ఏమేం రాస్తారు?

డ్రాప్‌డౌన్ మెనూ అనుకోండి. ముఖ్యమైనవి ఆరు ఆప్షన్లు.

మొదటిది క్యూర్డ్, అంటే నయమైంది. మొదట్లో కళ్ళెలో సూక్ష్మజీవి కనపడి, కోర్సు చివర్లో చేసిన పరీక్షలో లేదని తేలినవాళ్ళకే ఈ మాట వాడాలి.

రెండోది ట్రీట్‌మెంట్ కంప్లీటెడ్. మందులన్నీ వాడారు, జబ్బు మిగిలిన సూచనలు లేవు, కానీ చివరి పరీక్ష రుజువు లేదు. ఈ రెంటినీ కలిపి "సక్సెస్" అంటారు. రెండిటికీ మధ్య తేడా చాలాసార్లు ఒక చిన్న డబ్బీలో ఇచ్చే కళ్ళె మాత్రమే. అందరికీ అలా కాదులెండి. ఎక్స్‌రే, లక్షణాలు చూసి డాక్టరు నిర్ధారించిన కేసుల్లో మొదట్లోనే సూక్ష్మజీవి దొరకదు కాబట్టి అవి "కంప్లీటెడ్" దగ్గరే ఆగుతాయి.

మూడోది ఫెయిల్యూర్. మందులు వాడుతున్నా చివర్లో కూడా పరీక్ష పాజిటివ్ వచ్చింది. మందులు పనిచెయ్యట్లేదేమో, సూక్ష్మజీవి మొండికెత్తిందేమో వెంటనే చూడాలి.

నాలుగోది డైడ్. ఇక్కడ నా ఇంజనీరు బుర్రకి ఒక డౌటొచ్చింది. టీబీ మందులు వాడుతున్న మనిషి పాము కరిచి పోతే ఏమని రాస్తారు? దానికీ "డైడ్" అనే రాస్తారు. ఏ కారణంతో చనిపోయినా ఇందులోకే. మొదట అన్యాయం అనిపించింది. తర్వాత అర్థమైంది. "ఇది టీబీ చావు కాదు" అని తీసేసే వీలు ఉంటే, ప్రతి చావుకీ వేరే కారణం దొరుకుతుంది. అందుకే ఆ తలుపే మూసేశారు.

ఐదోది లాస్ట్ టు ఫాలో అప్, అంటే మనిషి మన చూపులోంచి జారిపోయాడని. మన దేశపు నిబంధనల్లో వరసగా ఒక నెల లేదా అంతకంటే ఎక్కువ మందులు ఆగితే ఇది రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రెండు నెలలు. "డిఫాల్టర్" అన్న మాటని 2013లో ఆ సంస్థ తీసేసి దీన్ని పెట్టింది. పాత మాట తప్పంతా రోగి మీద వేసేది. కొత్త మాట "మనం ఆయన్ని పోగొట్టుకున్నాం" అంటుంది. మా చిన్నాన్న కార్డు మీద ఇంకా పాత మాటే ఉంది.

ఆరోది నాట్ ఎవాల్యుయేటెడ్. ఏమయ్యాడో తెలీదు. వేరే ఊరికి బదిలీ చేశాం, అక్కడ చేరాడో లేదో సమాచారం లేదు. ఆ గడిని ఖాళీగా వదిలేస్తే ఎవరికీ కనపడదు. అందుకే "తెలీదు" అన్న జవాబుకీ ఒక పేరు పెట్టారు.

పాస్ పర్సెంటేజీ ఎలా లెక్కపెట్టాలి?

ఇది బీటెక్ వాళ్ళకి తొందరగా ఎక్కుతుంది. ఒక కాలేజీ "మా ఫైనల్ ఇయర్‌లో 95 శాతం పాస్" అని ఫ్లెక్సీ కడుతుంది. ఎవరిలో 95? ఫైనల్ పరీక్ష రాసినవాళ్ళలో. ఫస్టియర్‌లో చేరి, డిటైన్ అయినవాళ్ళు, మానేసినవాళ్ళు ఆ లెక్కలో లేరు.

టీబీలో ఆ మోసం కుదరదు. జనవరి నుంచి మార్చి దాకా రిజిస్టర్ అయినవాళ్ళంతా ఒక బ్యాచ్. దీన్ని కోహోర్ట్ అంటారు. ఉదాహరణకి ఒక బ్యాచ్‌లో 100 మంది చేరారనుకుందాం. 70 మంది పూర్తి చేశారు, 5గురు చనిపోయారు, 15 మంది జారిపోయారు, 10 మంది సంగతి తెలీదు. మన చేతిలో మిగిలినవాళ్ళని మాత్రమే లెక్కపెడితే 75లో 70, అంటే 93 శాతం. ఫ్లెక్సీ కట్టుకోవచ్చు. కోహోర్ట్ లెక్కలో కింద ఉండే సంఖ్య ఎప్పుడూ 100. కాబట్టి సక్సెస్ 70 శాతమే. జారిపోయిన 15 మందినీ, తెలీని 10 మందినీ పాస్ జాబితాలో కలపడానికి వీల్లేదు.

ఈ పద్ధతి వెనక కారెల్ స్టైబ్లో అనే చెక్ డాక్టరు ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల మౌతౌసెన్ నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు ఆయనకే టీబీ సోకింది. 1970ల చివర్లో టాంజానియా వెళ్ళి, చేరిన ప్రతి రోగికీ చివరికి ఏమైందో మూడు నెలలకోసారి లెక్క చెప్పే రిజిస్టర్లు పెట్టించాడు. పేద దేశంలో కూడా కాగితం, పెన్నుతో ఇది చెయ్యొచ్చని చూపించాడు. 1991లో ప్రపంచ ఆరోగ్య సభ "కనిపెట్టిన వాళ్ళలో 85 శాతం మందికి నయం చెయ్యాలి" అని లక్ష్యం పెట్టింది.

ఇంకో విషయం. కోర్సుకే ఆరు నెలలు పడుతుంది. అందుకే మన దేశంలో మూడు నెలల రిపోర్టు ఎప్పుడూ 13 నుంచి 15 నెలల కింద చేరినవాళ్ళ గురించి ఉండేది. మీరు ఇవాళ చదివే సక్సెస్ శాతం ఇవాళ్టిది కాదు, పోయిన ఏడాది బ్యాచ్‌ది.

ఆసుపత్రి నుంచి ఇంటికి

అసలు ఇంత నిఘా ఎందుకొచ్చింది? ఒకప్పుడు టీబీ వస్తే శానిటోరియంలో చేర్చేవారు. మన తెలుగు నేల మీద మదనపల్లి దగ్గర ఆరోగ్యవరం 1915 నుంచీ ఉంది. అక్కడ మంచం మీదే ఉంటారు కాబట్టి మందు వేసుకున్నారో లేదో నర్సు చూస్తుంది.

1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. కొంతమందిని శానిటోరియంలో, కొంతమందిని ఇంట్లోనే ఉంచి మందులిచ్చారు. 1959లో ఫలితాలొచ్చాయి. సరిగ్గా మందులు వాడితే ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైంది, ఇంట్లోవాళ్ళకి ప్రమాదం పెరగలేదు. ప్రపంచమంతా దాన్నే అనుసరించింది. కానీ రోగి ఇంటికెళ్ళాక నర్సు చూపు ఉండదు కదా. ఆ చూపు పనే రిజిస్టర్ చెయ్యాలి.

1961లో అనంతపురం జిల్లాలో జిల్లా స్థాయి టీబీ కార్యక్రమాన్ని ప్రయోగాత్మకంగా నడిపి చూసి, 1962లో దేశమంతటికీ మొదలుపెట్టారు. 30 ఏళ్ళ తర్వాత, 1992లో సమీక్ష చేస్తే, మందులు మొదలుపెట్టినవాళ్ళలో సగం మంది కూడా పూర్తి చెయ్యట్లేదని తేలింది. అప్పుడు సవరించిన కార్యక్రమం వచ్చింది. 1993లో కొన్ని చోట్ల, 1997 నుంచి పెద్ద ఎత్తున, 2006 మార్చికి దేశమంతా. మా చిన్నాన్న ఎర్ర పెట్టె ఆ కార్యక్రమంలోదే.

వెరావల్ వెళ్ళిన మనిషిని పలాస కార్డు పట్టుకోగలదా?

ఇప్పుడు మన జిల్లాల అసలు సమస్యకి వద్దాం. "తండేల్" సినిమా చూశారుగా. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో తిరిగొచ్చిన మన మత్స్యకారుల కథ. వాళ్ళు వేటకి వెళ్ళింది గుజరాత్‌లోని వెరావల్ నుంచి. వానాకాలంలో వెళ్తే ఎండాకాలానికి గానీ రారు. అంటే ఇంటికి దూరంగా ఎనిమిది నెలలు. టీబీ కోర్సు ఆరు నెలలు. కోర్సు కంటే వలసే పొడుగు! హైదరాబాద్, చెన్నై కట్టడాల దగ్గరికి వెళ్ళేవాళ్ళదీ ఇదే పరిస్థితి. ఇచ్ఛాపురం వైపు వాళ్ళయితే వైద్యానికి ఒడిశాలో ఉన్న బరంపురం వెళ్తారు. రోగం ఒక రాష్ట్రంలో, రికార్డు ఇంకో రాష్ట్రంలో.

కాగితం కార్డుకి కాళ్ళు లేవు. బదిలీ ఫారం ఉండేది గానీ, వెళ్తున్నామని రోగి ముందు చెప్తేనే దానికి పని. అందుకే 2012లో కేంద్రం "నిక్షయ్" అనే ఆన్‌లైన్ వ్యవస్థ తెచ్చింది. అదే ఏడాది మే నెలలో ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రతి టీబీ కేసునీ ప్రభుత్వానికి తెలియజెయ్యాలని ఆదేశం వచ్చింది. రోగికి ఒక నిక్షయ్ ఐడీ ఇస్తారు. ఆ ఐడీతో శ్రీకాకుళంలో మొదలైన వైద్యాన్ని వెరావల్‌లో కొనసాగించొచ్చు. బదిలీ కంప్యూటర్‌లో జరుగుతుంది, రికార్డు మనిషి వెనకాలే వెళ్తుంది. 2017 నుంచి మందులు కూడా రోజూ వేసుకునే పద్ధతికి మారాయి.

టెక్నాలజీ అన్నీ సరిచేసేస్తుందని మాత్రం అనుకోకండి. 99డాట్స్ అని ఒక తెలివైన ఏర్పాటు వచ్చింది. మాత్ర తీయగానే అట్ట వెనక దాగిన నంబరు కనపడుతుంది, దానికి మిస్డ్ కాల్ ఇస్తే మందు వేసుకున్నట్టు నమోదవుతుంది. ఐడియా అదిరింది. కానీ తర్వాత పరిశీలిస్తే మందు వేసుకుని కాల్ చెయ్యనివాళ్ళు చాలామంది ఉన్నారు, కాల్ చేసి వేసుకోనివాళ్ళూ ఉన్నారు. ఫోన్ ఇంట్లో ఒక్కటే ఉంటుంది, అదీ కొడుకు దగ్గర. మన "డెలివర్డ్" బటన్ కథే మళ్ళీ.

పచ్చ రంగు మీద అనుమానం ఎందుకు మంచిది?

పై నుంచి 85 శాతం, 90 శాతం అని లక్ష్యం పెడితే, కింద పనిచేసేవాళ్ళకి "కంప్లీటెడ్" నొక్కేద్దామన్న కోరిక కలగడం సహజం. అందుకే తనిఖీలుంటాయి. ల్యాబ్ రిజిస్టర్ వేరే, ట్రీట్‌మెంట్ రికార్డు వేరే. క్యూర్డ్ అని రాస్తే ల్యాబ్‌లో ఆ పరీక్ష కనపడాలి. సూపర్‌వైజర్లు, పై నుంచి వచ్చే బృందాలు కొంతమంది రోగుల ఇళ్ళకే వెళ్ళి అడుగుతాయి. "జారిపోయాడు" అని రాసినవాళ్ళని వెతికితే కొందరు అప్పటికే చనిపోయి ఉంటారు కూడా.

మనం కూడా అంకెల్ని జాగ్రత్తగా చదవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. రాజాం విజయనగరంలో కలిసింది. 2021 శ్రీకాకుళం, 2023 శ్రీకాకుళం పేరుకి ఒకటే గానీ మనుషులు వేరు. ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి "పెరిగింది, తగ్గింది" అనేస్తే తప్పు.

నిజాయితీగా రాసిన చెడ్డ అంకె ఏం చెయ్యగలదో తమిళనాడు చూపించింది. చావుల లెక్కలు చూస్తే, చాలావరకూ వైద్యం మొదలైన తొలి వారాల్లోనే జరుగుతున్నాయని తెలిసింది. అంటే సమస్య మందు మానెయ్యడం ఒక్కటే కాదు, మనిషి బాగా నీరసించాక వస్తున్నాడు. అందుకే 2022లో అక్కడ ఒక పథకం పెట్టారు. టీబీ అని తేలగానే ఎత్తు, బరువు, కాళ్ళ వాపు, ఊపిరి వేగం, రక్తంలో ఆక్సిజన్, ఆసరా లేకుండా నిలబడగలరా అన్నవి చూస్తారు. పరిస్థితి బాగోకపోతే వెంటనే ఆసుపత్రిలో చేరుస్తారు. ఆ "డైడ్" గడుల్ని ఎవరైనా అందంగా సర్దేసి ఉంటే, ఈ పథకం పుట్టేదే కాదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే

ఫోన్ చేతిలో ఉన్నది మీరే కాబట్టి ఈ పనులు మీవే.

నిక్షయ్ ఐడీ అడిగి తీసుకోండి. ఫోన్‌లో సేవ్ చేసుకోండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, అది వాళ్ళ సొంత విషయం.

ఊరు మారుతుంటే వెళ్ళేముందే ఆశా కార్యకర్తకో, ఆరోగ్య కేంద్రంలోనో చెప్పండి. ఎక్కడికి వెళ్తున్నారో, నిజంగా ఎత్తే ఫోన్ నంబరేదో ఇవ్వండి. దారికి సరిపడా మందులు అడగండి. చెప్పకుండా వెళ్ళిపోయినా పర్లేదు, ఉన్న చోట ప్రభుత్వ ఆసుపత్రికి ఐడీతో వెళ్ళండి. ఎవరైనా కసురుకుంటారని ఆగిపోవద్దు.

రెండు నెలలకి బాగైపోయినట్టు ఉంటుంది. అది మందు పనిచేస్తోందని, పని అయిపోయిందని కాదు.

కోర్సు చివర్లో కళ్ళె పరీక్ష అడిగి చేయించుకోండి. ఆ తర్వాత కూడా రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి చూపించుకోవాలి.

పోషకాహారానికి ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుంచి నెలకి 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. బ్యాంకు ఖాతా వివరాలు నిక్షయ్‌లో సరిగ్గా ఎక్కాయో లేదో చూడండి. డౌటుంటే టోల్ ఫ్రీ నంబరు 1800-11-6666.

చివరిగా చిన్నాన్న సంగతి. నీలం పెట్టె అయ్యాక ఆఖరి పరీక్ష నెగటివ్ వచ్చింది. కార్డులో "క్యూర్డ్" అని రాశారు. "ఈసారి ఏటి రాసినారురా?" అన్నాడు. ఈసారి చెప్పాను, కుడి చెవి వైపు వెళ్ళి, గట్టిగా. ఆ కార్డు ఇప్పటికీ రేషన్ కార్డుతో పాటు పెట్టెలో దాచుకున్నాడు. మా చెల్లి పెళ్ళి కూడా బాగా జరిగింది, ఆ భయమంతా ఉత్తదే.

నేను ఆఫీసులో రోజుకి వేల "డెలివర్డ్"లు చూశాను. ఎవరైనా వెళ్ళి నిజంగా కనుక్కుని రాసిన మాట అంటే నా మటుకు నాకు ఆ ఒక్క "క్యూర్డే".

మీ ఊళ్ళో రెండు నెలలకే మందులు ఆపేసి రైలెక్కినవాళ్ళు ఎవరైనా గుర్తొచ్చారా? ఇవాళే ఒక ఫోన్ చెయ్యండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.